త్వరణ వేళ పాత పెట్రోలు కారు ఇంజను తడబాటు: కారణ నిర్ధారణకు ఒక క్రమపద్ధతి

సారాంశం

యాక్సిలరేటరు తొక్కిన క్షణంలో ఇంజను వేగం పుంజుకోక తడబడడం పాత పెట్రోలు కార్లలో తరచు కనిపించే లక్షణం. లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకం. విడిభాగాలను వరుసగా మార్చుకుంటూ పోవడం కంటే, తడబాటు ఏ పరిస్థితులలో కలుగుతున్నదో నమోదు చేసి, గాలి, ఇంధనం, నిప్పురవ్వ అనే మూడింటిలో గరిష్ఠ అవసర సమయాన ఏది చాలడం లేదో పరీక్షల ద్వారా తేల్చడం మేలు. 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు ఈ సమస్యపై చూపే ప్రభావాన్ని ప్రత్యేకంగా చర్చించడమైనది.

నేపథ్యం

కోల్‌కతా–చెన్నై మధ్య సాగే 16వ జాతీయ రహదారి, పూణే నుంచి మచిలీపట్నం వచ్చే 65వ జాతీయ రహదారి విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద కలుస్తాయి. నేరుగా వెళ్లే వాహనాలకు పైవంతెనలు ఉన్నప్పటికీ, గుంటూరు, మంగళగిరి వైపు నుంచి వచ్చి ఉయ్యూరు, పామర్రు, ఘంటసాల దిక్కుగా బందరు రోడ్డుకు మళ్లేవారు కిందికి దిగి సర్కిల్ చుట్టి రావలసిందే. సిగ్నల్ పడిన వెంటనే లారీలు, బస్సులు, ఆటోల నడుమ ఖాళీ చూసుకుని ముందుకు సాగాలి. ఆ రెండు, మూడు సెకన్లలో ఇంజను తడబడితే వెనుక వచ్చే వాహనానికి ఆ సంగతి తెలియదు. కనుక ఈ లోపాన్ని కేవలం అసౌకర్యంగా భావించరాదు.

డెల్టా గ్రామాలకు తిరిగే విస్తరణ సిబ్బందిలోనూ, విద్యార్థుల కుటుంబాలలోనూ పాత కార్లు ఇంకా గణనీయంగానే ఉన్నాయి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి ఉత్పత్తీ 2014లోనే ఆగిపోయినా రోడ్డు మీద అవి పూర్తిగా కనుమరుగు కాలేదు. సర్కిల్‌కు సమీపంలోనే ఉన్న ఆటోనగర్‌లో ఈ బండ్లను చేతివాటంతో పట్టగల మెకానిక్కులు నేటికీ దొరుకుతారు. వారి భాషలో ఈ లక్షణానికి మూడు పేర్లున్నాయి. తొక్కినా బండి లాగకపోతే ‘పికప్ లేదు’ అంటారు. ఒకటి రెండు సిలిండర్లు మధ్యమధ్య మండకపోతే ‘మిస్సింగ్’ అంటారు. ఆగి, ఒక్కసారిగా దూకితే ‘జర్కు’ అంటారు. ఈ మూడు మాటలు ఒకే దానికి పర్యాయపదాలు కావు. యజమాని ఏ మాట వాడుతున్నాడో జాగ్రత్తగా వింటే సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది.

అవసరం పెరిగినప్పుడే బయటపడే లోపం

ఐడ్లింగ్‌లో నిలకడగా నడిచే ఇంజను త్వరణంలో మాత్రమే ఎందుకు తడబడుతుంది? సస్యశాస్త్రం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. నారుమడిలో పచ్చగా కనిపించిన వరి, నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో తుప్పురంగు మచ్చలతో జింకు లోపాన్ని బయటపెడుతుంది. లోపం నేలలో ముందే ఉన్నది; మొక్క అవసరం పెరిగినప్పుడు కంటికి కనిపించింది. ఇంజనులోని గుప్త లోపం కూడా ఇదే తీరున, భారం పడిన క్షణంలో బయటపడుతుంది.

త్రాటిల్ ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు గాలి వెంటనే లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు గాలి కంటే బరువైనది కనుక అంత త్వరగా స్పందించదు. పైగా మానిఫోల్డ్‌లోని శూన్యపీడనం తగ్గిపోవడంతో పెట్రోలు ఆవిరి కావడం మందగించి, కొంత భాగం గొట్టం గోడలకు పొరలా అంటుకుంటుంది. అందువల్ల సిలిండరులోకి చేరే మిశ్రమం క్షణకాలం పలుచబడుతుంది. ఆ లోటును పూడ్చడానికే కార్బురెటరులో యాక్సిలరేటరు పంపు అనే చిన్న పరికరం ఉంటుంది. త్రాటిల్ కదలగానే అది అదనపు పెట్రోలును చిమ్ముతుంది. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనులలో ఈ పనిని త్రాటిల్ సెన్సారు, గాలి ఒత్తిడి సెన్సారుల సంకేతాలను ఆధారం చేసుకుని కంప్యూటరు నిర్వహిస్తుంది.

నిప్పురవ్వ విషయం మరొక రకంగా ఉంటుంది. భారం పెరిగితే సిలిండరులో పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగే కొద్దీ ప్లగ్గు మొనల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజి అవసరమవుతుంది. అరిగిన ప్లగ్గు, బీటవారిన వైరు, బలహీనపడిన కాయిల్ ఐడ్లింగ్‌లో ఎలాగో నెట్టుకొస్తాయి. ఫ్లైఓవరు ఎక్కే వేళకు చేతులెత్తేస్తాయి. లీబిగ్ కనిష్ఠ సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: అత్యల్పంగా ఉన్న అంశమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. రవ్వ చాలని ఇంజనుకు పెట్రోలు పెంచడం, జింకు చాలని చేనుకు యూరియా చల్లడం వంటిది.

ముందు చరిత్ర, తరువాత పానా

బానెట్ ఎత్తకముందే అడగవలసిన ప్రశ్నలున్నాయి. ఉదయం చల్లని ఇంజనుతోనే తడబాటు వస్తున్నదా, లేక వేడెక్కిన తరువాతనా? చల్లగా ఉన్నప్పుడు తడబడి, వేడెక్కాక సర్దుకుంటే మిశ్రమం పలుచగా ఉన్నదని, లేదా చోక్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. ఇందుకు భిన్నంగా వేడెక్కిన తరువాతనే వస్తే కాయిల్‌ను, ఇంధన ఆవిరి సమస్యను చూడాలి.

రోహిణి కార్తెలో, మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, సర్కిల్ సిగ్నల్ వద్ద కొన్ని నిమిషాలు నిలిచిన తరువాత మాత్రమే తడబాటు వచ్చి, బందరు రోడ్డు మీద పది నిమిషాలు నడిచాక మాయమైతే అది ‘వేపర్ లాక్’ కావచ్చు. ఇంజనుకు ఆనుకుని ఉండే పాతకాలపు మెకానికల్ పంపులో పెట్రోలు ఆవిరి బుడగలుగా మారి ప్రవాహం తెగిపోతుంది. పంపుపై తడిగుడ్డ వేసిన కొద్దిసేపటికి బండి సర్దుకుంటే అనుమానం బలపడినట్లే. పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఈ ఉపాయాన్ని పరీక్షగా కూడా వాడుకోవచ్చు. ట్యాంకులోనే పంపు ఉండి, ఒత్తిడితో పెట్రోలు వచ్చే ఇంజనులలో ఈ సమస్య అరుదు.

వాన పడిన రోజున, తుపాను ముసురులో మాత్రమే వస్తే డిస్ట్రిబ్యూటర్ మూతలోని తేమ, ప్లగ్గు వైర్ల బీటలు కారణం కావచ్చు. ట్యాంకు అడుగంటినప్పుడే వస్తే అడుగున చేరిన మడ్డి, తుప్పు, నీరు గుర్తుకు రావాలి. కొత్తగా పెట్రోలు పోయించిన రోజు నుంచి మొదలైతే అనుమానం ఇంధనం మీదికి మళ్లుతుంది. బంకులో వడపోత కాగితంపై ఒక పెట్రోలు చుక్క వేసి చూసే పరీక్షను కోరే హక్కు వినియోగదారునికి ఉన్నది. చుక్క ఆరిన తరువాత జిడ్డు మరక మిగిలితే కల్తీని శంకించవచ్చు.

విజయవాడలో మరొక ప్రశ్న తప్పనిసరి: 2024 సెప్టెంబరు మొదటి వారంలో బండి ఎక్కడ ఉన్నది? బుడమేరు వరదలో సింగ్‌నగర్ పరిసరాలలో వాహనాలు రోజుల తరబడి నీటిలో నానాయి. వాటిలో కొన్ని శుభ్రపడి, చేతులు మారాయి. ఇంజను బాగుచేయించినా, వైర్ల కనెక్టర్లలో, బాడీకి బిగించిన ఎర్తింగ్ చివరలలో పచ్చని చిలుము నెలల తరువాత పెరుగుతుంది. అలాంటి బండిలో తడబాటుకు ఒకే భాగాన్ని బాధ్యురాలిని చేయడం కష్టం. సంకేతాలు అన్నీ కొంచెం కొంచెంగా తప్పుతుంటాయి. ఎర్తింగ్ చివరలను విప్పి, గీకి, తిరిగి బిగించడం ఖర్చులేని మొదటి చర్య.

డెల్టాకు ప్రత్యేకమైన మరొక కారణాన్ని పట్టణ మెకానిక్కులు కొన్నిసార్లు విస్మరిస్తారు. వరి కోతలు ముగిసిన తరువాత పొలాల్లోని ఎలుకలు, పందికొక్కులు ఇళ్లవైపు, షెడ్లవైపు చేరతాయి. రాత్రివేళ బానెట్ కింద దూరి వాక్యూమ్ గొట్టాలను, వైర్లను కొరుకుతాయి. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో గడ్డిపరకలు, వడ్లగింజలు కనిపిస్తే దగ్గరలోని గొట్టాలన్నింటినీ చేతితో తడిమి చూడాలి.

ఇంజనుది కాని తడబాటు

కొన్ని బండ్లలో ఇంజను నిర్దోషి. యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. కొంత దూరం నడిపిన తరువాత ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టి ఉన్నట్లు. ఈ రెండింటినీ ముందే తోసిపుచ్చాలి.

పరీక్షల క్రమం

ఖర్చు లేనివి, విప్పనవసరం లేనివి ముందు చేయాలి. ఎయిర్ ఫిల్టరును వెలుతురుకు ఎత్తిపట్టి చూడడంతో మొదలుపెట్టవచ్చు. నూర్పిళ్ల కాలంలో గ్రామాల దారులలో తిరిగిన బండికి ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది.

తరువాత ప్లగ్గులు. వాటిని విప్పి, ఏ సిలిండరుది ఏదో తెలిసేలా వరుసగా పెట్టి, రంగు చూడాలి. లేత గోధుమ లేక బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. సున్నం వేసినట్లు తెల్లబడితే మిశ్రమం పలుచగా ఉన్నట్లు; పొడి మసి పట్టి ఉంటే చిక్కగా ఉన్నట్లు; నూనెతో తడిసి ఉంటే పిస్టన్ రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగినట్లు. ఆకుల రంగును బట్టి పోషక లోపాన్ని గుర్తించడంలో ఏ ఆకు అన్నది ఎంత ముఖ్యమో ఇక్కడ ఏ సిలిండరు అన్నది అంతే ముఖ్యం. ముదురు ఆకులు పసుపైతే నత్రజని, లేత ఆకులు పసుపైతే గంధకం అని విద్యార్థులకు చెబుతాము. అదే విధంగా ఒక్క ప్లగ్గే తేడాగా ఉంటే ఆ సిలిండరుకు చెందిన వైరు, వాల్వు, ఇంజెక్టరు వెతకాలి. అన్నీ ఒకే రంగులో తేడాగా ఉంటే కార్బురెటరు, ఇంధన ఒత్తిడి, ఫిల్టరు వంటి ఉమ్మడి కారణం వెతకాలి. ప్లగ్గు మొనల ఎడం తయారీదారు చెప్పిన కొలతలోనే ఉండాలి. కంటి అంచనా పనికిరాదు, ఫీలర్ గేజి వాడాలి.

ప్లగ్గు వైర్లను చీకట్లో, ఇంజను నడుస్తుండగా దూరం నుంచి గమనిస్తే, చెడినచోట నీలపు మెరుపులు కనిపిస్తాయి. వాటిలో వేల ఓల్టుల విద్యుత్తు ఉంటుంది కనుక నడుస్తున్న ఇంజనులో వైరును చేతితో లాగే అలవాటును విద్యార్థులు అనుకరించరాదు. ఇంజను ఆపి, మల్టీమీటరుతో ఒక్కొక్క వైరు నిరోధాన్ని కొలిచి పోల్చడం భద్రమైన మార్గం.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజనులలో వాక్యూమ్ అడ్వాన్సు డయాఫ్రమ్ చిరిగిపోవడం సాధారణం. చాలామంది చూడనిది కూడా అదే. గొట్టం చివర నోటితో పీల్చి నాలుకతో మూస్తే పట్టు నిలవాలి. నిలవకపోతే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతున్నాయి: టైమింగ్ ముందుకు జరగడం లేదు, పైగా ఆ చిరుగు గుండా దొంగగాలి మానిఫోల్డ్‌లోకి చేరుతున్నది.

కార్బురెటరు బండిలో చోక్ పరీక్షకు మించిన సులభ సాధనం లేదు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత చోక్‌ను పావువంతు లాగి నడపాలి. తడబాటు తగ్గితే మిశ్రమం పలుచగా ఉన్నదని అర్థం. జెట్టులో మడ్డి, దొంగగాలి, ఇంధనం చాలకపోవడం వైపు పోవాలి. పెరిగితే మిశ్రమం ఇప్పటికే చిక్కగా ఉన్నది, లేదా లోపం రవ్వలో ఉన్నది.

యాక్సిలరేటరు పంపును చూడడానికి ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, ఎయిర్ ఫిల్టరు తీసి, కార్బురెటరు గొంతులోకి చూస్తూ త్రాటిల్ లీవరును చేతితో చప్పున కదపాలి. కదిపిన మరుక్షణమే సన్నని, బలమైన ధార కనిపించాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా పంపు డయాఫ్రమ్ బిరుసెక్కిందని, లేదా లోపలి చిన్న గుండు ఇరుక్కుందని గ్రహించాలి. దాని రిపేర్ కిట్ ధర స్వల్పమే. ఇంత చిన్న భాగం కోసం కార్బురెటరు మొత్తాన్ని మార్చినవారున్నారు.

వాక్యూమ్ గేజి ఉన్నచోట మరింత తెలుస్తుంది. విజయవాడ సముద్రమట్టానికి ఎంతో ఎత్తులో లేదు కనుక, ఆరోగ్యవంతమైన ఇంజను ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరస రీడింగును నిలకడగా చూపాలి. ముల్లు లయగా ఊగితే వాల్వులను, నిలకడగానే తక్కువ చూపితే దొంగగాలిని లేదా టైమింగ్ ఆలస్యాన్ని అనుమానించాలి. ఇంజనును 2,500 చుట్ల వద్ద కొంతసేపు ఉంచినప్పుడు ముల్లు నెమ్మదిగా దిగజారుతుంటే పొగగొట్టం లేదా కెటలిటిక్ కన్వర్టరు పూడుకున్నట్లు.

సి.ఎన్.జి. లేదా ఎల్.పి.జి. కిట్ అమర్చిన బండి యజమానికి ఒక సౌలభ్యం ఉన్నది. రెండు ఇంధనాల మీద ఒకే దారిలో నడిపి చూడవచ్చు. పెట్రోలు మీద మాత్రమే తడబడితే లోపం పెట్రోలు మార్గంలో ఉన్నది. గ్యాసు మీద ఎక్కువగా తడబడితే ముందు రవ్వను చూడాలి; గ్యాసు మిశ్రమాన్ని మండించడానికి మరింత బలమైన రవ్వ కావాలి.

ఎథనాల్ మిశ్రమం: నేరం ఎంత, అపవాదు ఎంత

దేశంలో పెట్రోలులో ఎథనాల్ 10 శాతం లక్ష్యం 2022లో నెరవేరింది. 20 శాతం మిశ్రమం 2023లో ప్రారంభమై 2025 నాటికి సాధారణ బంకులన్నింటికీ చేరింది. చెరకు, నూకలు, మొక్కజొన్నల నుంచి ఈ ఎథనాల్ తయారవుతుంది. వరి మాగాణుల్లో దున్నకుండా మొక్కజొన్న వేసే కృష్ణా డెల్టా రైతుకు ఇది మార్కెట్. అదే రైతు ఇంటి ముందున్న పాత కారుకు ఇది ఆహారంలో మార్పు. రెండు కోణాలనూ కలిపి చూడవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రవేత్తలది.

ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం మిశ్రమానికి లెక్క వేస్తే 13.5 వస్తుంది. శుద్ధ పెట్రోలుకు సరిదిద్దిన కార్బురెటరుకు ఈ మార్పు తెలియదు. జెట్టు రంధ్రం మునుపటిదే. కాబట్టి ఇంజనుకు చేరే మిశ్రమం సుమారు 8 శాతం పలుచబడుతుంది. ఇంతకుముందే కొంచెం పలుచగా నడుస్తున్న, యాక్సిలరేటరు పంపు నీరసించిన ఇంజనును తడబాటులోకి నెట్టడానికి ఈ 8 శాతం చాలు. సరైన స్థితిలో ఉన్న ఇంజను ఈ మార్పును చాలావరకు తట్టుకుంటుంది. అందుచేత ‘పెట్రోలు వల్లే’ అనే యజమాని వాదనలోనూ, ‘పెట్రోలుకు సంబంధమే లేదు’ అనే ఎదుటి వాదనలోనూ పూర్తి నిజం లేదు.

రసాయన ప్రభావం నిదానమైనది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లలోని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 20 శాతం ఎథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత గొట్టాలు ఉబ్బడం, బిరుసెక్కి పగలడం సంభవిస్తుంది. పాత ట్యాంకు గోడలకు అంటిన మడ్డిని ఎథనాల్ కరిగించి, వదులు చేసి ఫిల్టరుకు చేరుస్తుంది. అందువల్ల కొత్త మిశ్రమానికి మారిన తొలి నెలల్లో ఇంధన ఫిల్టరును ఒకటి రెండుసార్లు మార్చడం ఆవశ్యకం. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పరిమితి దాటితే నీరు, ఎథనాల్ కలిసి అడుగు పొరగా విడిపోతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. నెలల తరబడి కదలకుండా సగం ట్యాంకుతో నిలిచిన బండిలో ఈ ప్రమాదం ఎక్కువ.

ఇంధనంలో ఎథనాల్ ఎంత ఉన్నదో ప్రయోగశాలలో తేలికగా చూపవచ్చు. కొలజాడీలో 100 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీరు పోసి, మూత బిగించి కుదిపి, నిలకడగా ఉంచితే ఎథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. 20 శాతం మిశ్రమమైతే అడుగు పొర 10 నుంచి 30 మి.లీ. దరిదాపుకు పెరుగుతుంది. మంటకు దూరంగా, గాలి ఆడే చోట చేయవలసిన ప్రయోగం ఇది.

కోడు కారణం కాదు

ఎం.పి.ఎఫ్.ఐ. బండ్లలో ఆక్సిజన్ సెన్సారు ఆధారంగా కంప్యూటరు పెట్రోలును పెంచి, తగ్గించి సర్దుకుంటుంది కనుక ఎథనాల్ వల్ల తడబాటు తక్కువ. వీటిలో మురికిపట్టిన త్రాటిల్ బాడీ, అరిగిన త్రాటిల్ సెన్సారు, బలహీనమైన పంపు ప్రధాన అనుమానితులు. త్రాటిల్‌ను నెమ్మదిగా తెరుస్తూ సెన్సారు ఓల్టేజిని చూస్తే అది సుమారు అర ఓల్టు నుంచి నాలుగు ఓల్టుల పైవరకు తెంపు లేకుండా పెరగాలి. మధ్యలో ఒక్కచోట పడిపోతే తడబాటు ఆ చోటే పుడుతున్నది. చాలా బండ్లలో ఇంధన ఒత్తిడి 3 బార్ల ప్రాంతంలో ఉండాలి, ముఖ్యంగా భారం మీద కూడా నిలవాలి.

స్కానర్ చూపే కోడును తీర్పుగా తీసుకోవడం నేడు విస్తృతమైన పొరపాటు. ‘మిశ్రమం పలుచన’ అనే కోడు రాగానే ఆక్సిజన్ సెన్సారును మారుస్తారు. సెన్సారు నిజమే చెప్పి ఉండవచ్చు. పలుచన చేసినది ఎలుక కొరికిన గొట్టం కావచ్చు. భూసార పరీక్ష పత్రంలో భాస్వరం తక్కువని ఉంటే ఎందుకు తక్కువో పత్రం చెప్పదు. ఇదీ అంతే.

ఒకసారి ఒకే మార్పు

ప్లగ్గులు, వైర్లు, ఫిల్టరు ఒకే రోజున మార్చిన తరువాత తడబాటు పోతే, ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. తిరిగి వస్తే మళ్లీ మొదటికే. చెక్ ప్లాటు లేని క్షేత్ర ప్రయోగం వంటిదది. తెల్లవారుజామున, బందరు రోడ్డు మీద కంకిపాడు దాటిన తరువాత రద్దీ లేని చోట, ఇద్దరు మనుషులతో పరీక్ష చేయవచ్చు. మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగం వద్ద యాక్సిలరేటరును సగం వరకు తొక్కి, 60కి చేరడానికి పట్టిన సెకన్లను పక్కన కూర్చున్నవారు నమోదు చేయాలి. రెండు దిక్కులా మూడేసిసార్లు నడిపితే గాలి, వాలు ప్రభావం సర్దుకుంటుంది. ప్రతి మార్పు తరువాత ఇదే కొలత. తీసిన పాత భాగాన్ని పారేయకూడదు. సందేహం వస్తే దానిని తిరిగి బిగించి తడబాటు మళ్లీ వస్తుందో లేదో చూస్తేనే నిర్ధారణ పూర్తవుతుంది.

రైతు చేతిలోని చిన్న ఇంజనులకు

ట్రాక్టర్లు డీజిలువి కనుక పై చర్చ వాటికి వర్తించదు. పవర్ స్ప్రేయర్లు, పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లలోని చిన్న పెట్రోలు ఇంజనులకు మాత్రం ఇది మరింత గట్టిగా వర్తిస్తుంది. వాటిలో సర్దుకునే కంప్యూటరు లేదు; కార్బురెటరు చిన్నది, రంధ్రాలు సూదిమొన అంతటివి. ఖరీఫ్‌లో చివరి పిచికారీ చేసి, ట్యాంకులో పెట్రోలు ఉండగానే చూరు కింద వేలాడదీసిన స్ప్రేయరు, మినుముకు మందు కొట్టవలసిన రోజున తాడు లాగితే స్టార్టయి, త్రాటిల్ తెరవగానే ఆగిపోతుంది. అప్పటికి పురుగు ఆగదు. సీజను ముగిసిన వెంటనే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురెటరులో మిగిలినది అయిపోయి ఇంజను దానంతట అది ఆగేవరకు నడిపి, తరువాతనే దాచాలని రైతులకు చెప్పవలసి ఉన్నది. రెండు స్ట్రోకుల యంత్రాలలో పెట్రోలుతో కలిపే ఆయిలు కొలతను తయారీదారు సూచించిన ప్రకారమే, ఏ రోజుకు కావలసినది ఆ రోజే కలుపుకోవాలి.